రొమ్ములో గడ్డ: నిరీక్షణకు ఒక చరిత్ర

స్నానము చేయుచుండగా చేతికి ఏదో తగులుతుంది. చింతగింజంత ఉండవచ్చును, రేగుపండంత ఉండవచ్చును. నొప్పి లేదు, పైకి ఏ మార్పూ కనిపించదు. కాని ఆ క్షణము నుండి ఆ ఇల్లాలి మనస్సు కుదురుగా ఉండదు. పొయ్యిమీద పాలు పొంగిపోయినా తెలియదు. రాత్రి ఇంటిల్లిపాదీ నిద్రపోయిన తరువాత చేయి మరల మరల అక్కడికే పోతుంది. నిన్నటికంటె పెరిగినదా, తరిగినదా అని తడిమి చూచుకుంటుంది. తెల్లవారిన తరువాత ఎవరితో చెప్పాలో తోచదు. భర్తతో చెప్పుటకు సిగ్గు. అత్తగారితో చెప్పుటకు భయము. తల్లితో చెప్పినచో ఆమె తట్టుకొనలేదన్న దిగులు. "కోతలు కానీ", "పండుగ వెళ్ళనీ", "పిల్ల పెండ్లి కానీ" అని తనకు తానే వాయిదాలు వేసుకుంటుంది.

ఎదురుచూచుట కృష్ణా డెల్టా ప్రజలకు కొత్త కాదు. కాలువలకు నీరు వదిలేవరకు నారుమళ్ళు సిద్ధము చేసికొని కాచుకొని ఉండుట ఇక్కడి రైతుకు తాతలనాటి అలవాటు. కాని ఆ నిరీక్షణకు ఒక లెక్క ఉన్నది. ఎగువను వానలు ఎట్లున్నవి, విజయవాడ బారేజీ వద్ద నీటిమట్టము ఎంత అని విచారించి తెలిసికొనవచ్చును. గడ్డను గూర్చిన నిరీక్షణకు అట్టి లెక్క ఏదీ చేతికి చిక్కదు. అందువల్లనే అది అంత బరువు.

ఈ వ్యాసము గడ్డను గూర్చి మాత్రమే కాదు. గడ్డ చేతికి తగిలిన నాటికిని, అది ఏమిటో తెలిసిన నాటికిని నడుమనున్న రోజులను గూర్చినది. ఆ రోజులకు కూడ ఒక చరిత్ర కలదు. దానిని తెలిసికొన్నచో ఆ రోజులను గడపుట కొంత సులభమగును.

ముందుగా ఒక్కమాట చెప్పవలెను. పరీక్షకు వచ్చే రొమ్ము గడ్డలలో అధికభాగము, అనగా పదింట ఎనిమిదో తొమ్మిదో, కాన్సరు కావు. యౌవనములో కనిపించేవి చాలవరకు ఫైబ్రోఅడినోమా అనే నిరపాయకరమైన కంతులు. ఇవి చేతిక్రింద జారుచుండును. ముప్పది అయిదు, ఏబది ఏండ్ల నడుమ వచ్చేవి పెక్కు నీటితిత్తులు. వయస్సు పెరిగినకొలది కాన్సరు కావచ్చునన్న అనుమానము హెచ్చును. అయినను ఏ గడ్డ ఏదో చేతితో తడిమి ఇంట్లోనే తేల్చుట ఎవరి తరము కాదు. కాబట్టి భయపడుటకు కారణము తక్కువ. పరీక్ష చేయించుకొనుటకు కారణము ఎక్కువ.

పేరులోనే భయము

గడ్డలను గూర్చి మన ప్రాచీన వైద్యులకు తెలియకపోలేదు. సుశ్రుతుడు గ్రంథి అనియు, అర్బుదమనియు రెండు విధములుగా వీనిని వర్ణించినాడు. అర్బుదము లోతుగా వేరూని మెల్లగా పెరుగుననియు, సాధారణముగా చీము పట్టదనియు చెప్పినాడు. గ్రీకు వైద్యులు ఇట్టి కంతిని ఎండ్రకాయతో పోల్చి పేరు పెట్టినారు. ఆ పేరే లాటిను ద్వారా కాన్సరు అయినది.

తెలుగులో ఈ వ్యాధిని రాచపుండు అనియు, పుట్టకురుపు అనియు అనేవారు. ఈ పేర్లను కొంచెము ఆలోచించి చూడవలెను. పుండు, కురుపు అనునవి చర్మము పగిలిన తరువాతి స్థితిని తెల్పు మాటలు. అనగా మన పెద్దలు చూచినది, పేరు పెట్టినది ముదిరిన వ్యాధికే. చింతగింజంత గడ్డగా ఉన్న నాడు దానికి పేరే లేదు. ఆ పేరు వినగానే గుండె జారుటకు ఇది ఒక కారణము. పూర్వులు ఎరిగినది వ్యాధి యొక్క చివరి అధ్యాయము. ఈనాడు వైద్యులు చదువగోరుచున్నది మొదటి పుట.

పారిస్ నగరములో ఒక రచయిత్రి

నిరీక్షణను గూర్చి స్వయముగా వ్రాసిపెట్టిన తొలి స్త్రీలలో ఫానీ బర్నీ ఒకరు. ఈమె ఆంగ్ల నవలా రచయిత్రి. ఫ్రెంచి సేనానిని వివాహమాడి పారిస్‌లో నివసించుచుండెను. 1810 ఆగస్టులో ఆమెకు కుడి రొమ్ములో నొప్పి, గట్టిదనము కనిపించినవి. భర్త, మిత్రులు ఎంత బలవంతపెట్టినను చాలకాలము ఆమె వైద్యులను సమీపించలేదు. తుదకు నెపోలియన్ సైన్యములోని ప్రసిద్ధ శస్త్రవైద్యుడు లారే మొదలైనవారు పరీక్షించి రొమ్మును తొలగింపవలెనని నిర్ణయించినారు.

శస్త్రచికిత్స జరిగే తేదీ తనకు ముందుగా తెలియకూడదని ఏర్పాటు జరిగినది. 1811 సెప్టెంబరు 30వ తేదీన రెండు గంటల ముందు మాత్రమే కబురు వచ్చినది. వైద్యులు మరల ఆలస్యము చేసినారు. ఆ వ్యవధిలో ఆమె గదిలో అటు ఇటు తిరుగుచు, సిద్ధముగా పెట్టిన కట్లను, దూదిని చూచుచు గడిపెను. ఈథరు మత్తు వాడుకలోనికి వచ్చినది 1846లో. కావున ఆమెకు స్పృహ తప్పించు సాధనము లేదు. ఇరువది నిమిషముల పాటు ఆ బాధ సాగినది. తరువాత తన అక్కకు ఆ సంగతి అంతయు వ్రాయుటకు ఆమెకు నెలలు పట్టినది. వ్రాసినదానిని తిరిగి చదువుకొనుటకు కూడ ధైర్యము చాలలేదు.

ఫానీ బర్నీ ఆ తరువాత 28 సంవత్సరములకు పైగా జీవించి 1840లో మరణించినది. అంతకాలము జీవించుటను బట్టి ఆ గడ్డ నిజముగా కాన్సరేనా అని నేటి వైద్యచరిత్రకారులలో కొందరు సందేహించుచున్నారు. ఆ సందేహము తీరు మార్గము లేదు. ఏలయనగా ఆనాడు గడ్డ ఏదో తేల్చు పరీక్షయే లేదు. వైద్యుని వేళ్ళు, అనుభవము, ఊహ, ఇవే సాధనములు. ఆమె ఏడాదికి పైగా ఎదురుచూచినది. ఎదురుచూచినా జవాబు దొరకలేదు.

అదే కాలములో జపాను దేశములో హనోకా సెయిషూ అను వైద్యుడు ఓషధులతో తయారుచేసిన మత్తుమందు నిచ్చి 1804లో రొమ్ము కాన్సరు రోగికి శస్త్రచికిత్స చేసినాడు. బాధను తగ్గించు విద్య తూర్పున ముందుగా మేల్కొన్నది. కాని జపాను ఆనాడు బయటి లోకమునకు తలుపులు మూసికొని ఉండుటచే ఆ వార్త పారిస్‌కు చేరలేదు.

సూక్ష్మదర్శిని ఇచ్చిన జవాబు

లండనులోని ఆస్ట్లీ కూపర్ 1829లో రొమ్ము వ్యాధులను గూర్చి చిత్రములతో ఒక గ్రంథము ప్రకటించినాడు. రొమ్ములోని గడ్డలన్నియు కాన్సరు కావనియు, నీటితిత్తులు, నిరపాయకరమైన కంతులు వేరుగా కలవనియు దానిలో వివరించినాడు. స్త్రీలకు అనవసరముగా కలిగే భయమును తొలగించుట వైద్యుని కర్తవ్యములలో ఒకటి అను భావము దీనితో వేరూనినది.

1838లో జర్మనీలో యోహాన్నెస్ ముల్లర్ కాన్సరు కంతి కూడ కణములతోనే ఏర్పడినదని సూక్ష్మదర్శినితో చూపినాడు. ఆయన శిష్యుడు విర్కో 1858లో కణ వ్యాధిశాస్త్రమునకు పునాది వేసినాడు. జీవించియున్న రోగి శరీరము నుండి చిన్న ముక్క తీసి పరీక్షించుటకు 1879లో ఫ్రెంచి వైద్యుడు బెస్నియే బయాప్సీ అను పేరు పెట్టినాడు. మన జనులు దీనినే ముక్క పరీక్ష అని చక్కగా అందురు. అప్పటినుండి గడ్డ అనుమానము కాక, జవాబు చెప్పగల ప్రశ్న అయినది.

ఒకే నిద్రలో రెండు పనులు

1882 మొదలుకొని అమెరికాలో హాల్‌స్టెడ్ రొమ్మును, దాని క్రింది కండరములను, చంకలోని గ్రంథులను కలిపి తొలగించు పెద్ద శస్త్రచికిత్సను ప్రచారములోనికి తెచ్చినాడు. 1905లో మేయో చికిత్సాలయములో లూయీ విల్సన్ తాజా ముక్కను గడ్డకట్టించి, సన్నగా కోసి, రంగువేసి కొద్ది నిమిషములలోనే చూడగల పద్ధతిని రూపొందించినాడు. ఈ రెండును కలిసి ఒక కొత్త ఆచారమునకు దారితీసినవి.

స్త్రీని మత్తులో పడుకోబెట్టుదురు. గడ్డను తీసి ప్రక్కగదికి పంపుదురు. కాన్సరు కాదన్నచో కుట్లువేసి పంపివేయుదురు. అవునన్నచో ఆ నిద్రలోనే రొమ్మును తొలగింతురు. ఆమె కాగితము మీద సంతకము చేసి కండ్లు మూసికొనును. మేలుకొన్న తరువాత చేతితో తడిమి చూచుకొన్నప్పుడే సంగతి తెలియును. దాదాపు డెబ్బది ఏండ్లు ఇదే పద్ధతి సాగినది.

ఇందులో రోజుల తరబడి నిరీక్షణ లేదు. అయినను ఇది స్త్రీలకు ఊరట కలిగింపలేదు. తన శరీరమును గూర్చిన నిర్ణయము తాను నిద్రించుచుండగా జరిగిపోవుటను పలువురు సహింపలేకపోయిరి. 1974లో తన రొమ్ములో గడ్డను కనుగొన్న రోజ్ కుష్నర్ అను అమెరికను పత్రికారచయిత్రి మొదట పరీక్ష మాత్రమే చేయవలెననియు, ఫలితము విని ఆలోచించుకొన్న పిమ్మటనే చికిత్స అనియు పట్టుపట్టినది. ఆమె వంటివారి ఆందోళనయు, శాస్త్రజ్ఞుల పరిశీలనయు కలిసి 1979లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థల సభ పరీక్షను, చికిత్సను రెండుగా విడదీయవలెనని సిఫారసు చేసినది. 1985లో ఫిషర్ బృందము తొలిదశలోని కాన్సరుకు రొమ్మంతయు తొలగింపక, గడ్డను మాత్రము తీసి కిరణచికిత్స ఇచ్చినను జీవితకాలము తగ్గదని నిరూపించినది.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. పరీక్షకును చికిత్సకును నడుమ ఈనాడు మనలను వేధించు ఆ కొద్దిరోజులు స్త్రీలు పోరాడి సంపాదించుకొన్నవి. అవి తెలిసికొనుటకు, అడుగుటకు, ఎంచుకొనుటకు లభించిన రోజులు.

డెల్టా నుండి మద్రాసు దాకా

మన ప్రాంతములో నిరీక్షణకు దూరము కూడ తోడైనది. మగవైద్యునికి రొమ్ము చూపుటకంటె మరణమే మేలని తలచిన స్త్రీలు ఒకప్పుడు తక్కువ కాదు. 1883లో గుంటూరు వచ్చిన అమెరికను లూథరను మిషను వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరచినది. 1930లో మరణించువరకు ఆమె ఆ పట్టణముననే పనిచేసినది. తన కుటుంబమునకు ఆమె చేసిన వైద్యమునకు కృతజ్ఞతగా ఏలూరు రాజావారు ఆసుపత్రి ఎదుట రోగుల బంధువుల కొరకు సత్రము కట్టించినారు. రోగి ఒక్కతే కాదు, ఆమెతోపాటు కుటుంబమంతయు ఎదురుచూచుననియు, వారికి తలదాచుకొను చోటు కావలెననియు గుర్తించిన దానము అది.

విజయవాడలో వైద్యవృత్తి చేసిన డాక్టరు కొమర్రాజు అచ్చమాంబను కూడ ఈ సందర్భమున తలచుకొనవలెను. విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపకులలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు గారి కుమార్తె ఈమె. 1957లో విజయవాడ నుండి లోకసభకు ఎన్నికైనది. ప్రసూతిని, శిశుపోషణను గూర్చి తెలుగులో గ్రంథము వ్రాసినది. స్త్రీల శరీరమును గూర్చి సిగ్గుపడకుండ, భయపెట్టకుండ, తెలుగు మాటలలో చెప్పవచ్చునని చూపినవారిలో ఆమె ముందువరుసలోనిది.

కాని కాన్సరు అన్న అనుమానము వచ్చినచో చాలకాలము మద్రాసే గతి. బర్నార్డు రేడియాలజీ సంస్థ 1934లో అక్కడ వెలసినది. మద్రాసు వైద్యకళాశాలలో 1912లో పట్టభద్రురాలైన డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి, కాన్సరుతో మరణించిన తన చెల్లెలి బాధను మరువలేక, 1954లో అడయారులో కాన్సరు ఇన్‌స్టిట్యూటును నెలకొల్పినది. 1955లో హైదరాబాదులో మెహిదీ నవాజ్ జంగ్ పేర కాన్సరు ఆసుపత్రి ఏర్పడినది. గుంటూరు వైద్యకళాశాల 1946లోనే ప్రారంభమైనను, డెల్టా రోగులు పెక్కుమంది చికిత్స కొరకు బెజవాడ స్టేషనులో మద్రాసు మెయిలు ఎక్కవలసి వచ్చెడిది. ఇంచుమించు 430 కిలోమీటర్ల ప్రయాణము. భాష రాని ఊరు. వెంట వచ్చిన మగవారికి పొలము మీదనే ధ్యాస. ఇట్టి ప్రయాణమును తలచుకొనియే ఎందరో ఇల్లు కదలలేదు.

ఈ నేలలో పుట్టినవారే ఈ వ్యాధిపై పోరాటమున ముందునిలిచిన సంగతియు మరువరాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున ఫోలిక్ ఆమ్లమునకు విరోధులైన మందుల తయారీకి నాయకత్వము వహించినాడు. వానిలో ఒకటైన మెథోట్రెక్సేట్ రొమ్ము కాన్సరు మీద పనిచేయునని 1951లో జేన్ రైట్ చూపినది. 1976లో మిలాన్ నగరమున బొనడొన్నా ప్రకటించిన మూడు మందుల చికిత్సలో అది ఒకటి. 1948లో కన్నుమూసిన సుబ్బారావు ఇది ఏదియు చూడలేదు.

ఈనాడు దూరము తగ్గినది. మంగళగిరిలో అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ 2018లో ప్రారంభమైనది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకముతో పేదలకు కాన్సరు చికిత్స ఖర్చు భరించు ఏర్పాటు ఏర్పడినది. దూరము తగ్గినంతగా భయము మాత్రము తగ్గలేదు.

సూది, ఎక్సురే, ధ్వని

రొమ్మును కోయకుండ జవాబు తెలిసికొను మార్గములను ఇరువదవ శతాబ్దము కనుగొన్నది. 1913లో బెర్లినులో సాలమన్ శస్త్రచికిత్సలో తొలగించిన సుమారు మూడువేల రొమ్ములను ఎక్సురే తీసి కాన్సరు నీడలను గుర్తించినాడు. 1960లో హ్యూస్టనులో ఈగన్ స్పష్టమైన చిత్రములు తీయు పద్ధతిని ప్రకటించినాడు. ఇదియే మామోగ్రాము. 1950 ప్రాంతమున జాన్ వైల్డ్ ధ్వనితరంగములతో రొమ్ములోని గడ్డలను చూడవచ్చునని చూపినాడు. నీటితిత్తిని, గట్టి కంతిని వేరుచేయుటకు నేటి స్కానింగు మిక్కిలి ఉపయోగకరము. చిన్నవయస్సులో రొమ్ము దట్టముగా ఉండుటచే మామోగ్రాముకంటె స్కానింగే తేటగా చూపును.

సన్నని సూదితో కణములను పీల్చి చూచు పద్ధతిని 1930లో న్యూయార్కులో మార్టిన్, ఎల్లిస్ అనువారు ప్రకటించినారు. తరువాత కొంచెము లావు సూదితో సన్నని ముక్కనే తీయు పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చినది. సూది గుచ్చినచో కాన్సరు పాకునని మనవైపు ఒక భయము ఉన్నది. ఆ భయముతో పరీక్ష మానుకొనుట తగదు; సూది పరీక్ష చేయించుకొన్నవారి ఆయుస్సు దానివలన తగ్గుచున్నట్లు నిదర్శనము లేదు.

వైద్యుడు చేతితో చూచుట, చిత్రము తీయుట, సూది పరీక్ష, ఈ మూడింటిని కలిపి త్రివిధ పరీక్ష అందురు. మూడును కాన్సరు కాదని ఏకముగా చెప్పినచో పొరపాటు జరుగుట నూటికి ఒకటికంటె తక్కువ. మూడింటిలో ఒకటి తక్కినవానితో ఏకీభవింపనిచో మరల పరీక్షింతురు. రెండవసారి రమ్మన్నంత మాత్రమున చెడువార్త అని అర్థము కాదు.

రిపోర్టు ఎందుకు ఆలస్యమగును?

"రిపోర్టు ఇంకా రాలేదు, ఏదో దాచుచున్నారు" అని అనుకొననివారు అరుదు. కాని తీసిన ముక్క ఏమగుచున్నదో తెలిసినచో ఈ అనుమానము తొలగును.

ముక్కను వెంటనే ఫార్మలిన్ ద్రవములో వేయుదురు. అది ముక్క లోనికి మెల్లగా ఇంకి కణములు చెడకుండ నిలుపును. దీనికి కనీసము ఆరుగంటలు పట్టును. సాధారణముగా ఒక రాత్రి ఉంచుదురు. తరువాత మద్యసారములో ముంచి నీటిని తొలగింతురు. కరిగిన మైనములో ఉంచి దిమ్మగా పోయుదురు. ఆ దిమ్మను మిల్లీమీటరులో సుమారు రెండువందల యాబదవ వంతు మందమున పొరలుగా కోసి, గాజుపలకపై పరచి, నీలము, గులాబి రంగులు వేయుదురు. అప్పుడు గాని వ్యాధినిదాన శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినితో చూడజాలడు. సందేహమున్నచో మరికొన్ని పొరలు కోయింతురు. ప్రత్యేకమైన రంగులు వేయింతురు. మరొక నిపుణునికి చూపుదురు. చిన్న ఊళ్ళలో ముక్కను సీసాలో పెట్టి పెద్ద ఊరికి పంపవలసియుండును. నడుమ ఆదివారము వచ్చినచో మరొక రోజు. ఇందులో ఏ మెట్టుకు కూడ రోగి మంచిచెడులతో సంబంధము లేదు. ఫలితము మంచిదైనను చెడ్డదైనను మైనము గట్టిపడుటకు అదే కాలము పట్టును.

ఈ కొద్దిరోజులలో వ్యాధి ముదిరిపోవునా? రొమ్ము కాన్సరు కంతి రెట్టింపగుటకు సాధారణముగా నెలలు పట్టును. పరీక్షకు పట్టే వారము పదిరోజుల వలన ఫలితము తారుమారు కాదు. కాని నెలల తరబడి జాప్యము వేరు. 1999లో ప్రకటింపబడిన ఒక విశ్లేషణలో లక్షకుపైగా రోగుల వివరములు కూర్చి చూడగా, లక్షణము కనిపించిన తరువాత మూడునెలలు, అంతకుమించి ఆలస్యము చేసినవారిలో ఐదేండ్లు జీవించినవారు నూటికి 12 మంది చొప్పున తక్కువగా ఉన్నట్లు తేలినది. కనుక నిరీక్షణలు రెండు విధములు. ఆసుపత్రి గడప దాటిన తరువాతి నిరీక్షణ మనస్సును బాధించును. గడప దాటకముందు ఇంట్లో జరిగే నిరీక్షణ ప్రాణమునకే తెచ్చును. మొదటిదానికి భయపడి రెండవదానిని కోరి తెచ్చుకొనుట కంటె దురదృష్టము లేదు.

2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, వైద్యుని వద్దకు వచ్చిన నాటినుండి 60 రోజులలోపల రొమ్ము గడ్డ నిర్ణయము పూర్తికావలెనని దేశములన్నింటికి లక్ష్యముగా చెప్పినది.

తెలియకపోవుటయే బరువు

నిరీక్షణలో కలిగే ఆందోళన పిరికితనము కాదు, శరీరధర్మము. ఆపద ఎదురైనప్పుడు శరీరము పోరుటకో పారుటకో సిద్ధపడునని వాల్టర్ కానన్ 1915లో వివరించినాడు. గుండె వేగము పెరుగును, నోరు ఎండును, నిద్ర దూరమగును. పాము ఎదురైనప్పుడు ఇది ప్రాణము కాపాడును. కాని రిపోర్టుతో పోరుటకు లేదు, దానినుండి పారుటకును లేదు.

2016లో లండను శాస్త్రజ్ఞులు 45 మందితో ఒక ప్రయోగము చేసినారు. తెరమీద రాళ్ళు కనిపించును. వాని క్రింద పాము ఉన్నదో లేదో ఊహించవలెను. పాము ఉన్నచో చేతికి చిన్న విద్యుద్ఘాతము తగులును. ఘాతము తప్పదని తెలిసినవేళ కంటె, తగులునో తగులదో సగము సగముగా ఉన్నవేళనే వారి చెమట, కనుపాపలు ఎక్కువ ఆందోళనను తెలిపినవి. 2009లో అమెరికాలో ముక్క పరీక్ష చేయించుకొన్న 126 మంది స్త్రీల లాలాజలమున కార్టిసాల్ అను హార్మోనును కొలిచినారు. ఐదవనాటికి కూడ ఫలితము తేలనివారి కొలతలు కాన్సరని తెలిసినవారి కొలతలను పోలియున్నవి. తెలియకపోవుట శరీరమునకు చెడువార్తతో సమానమైన బరువన్నమాట.

ఆ పరిశోధకులే 2006లో మరొక సంగతి చూపినారు. సూది పరీక్ష జరుగుచుండగా ప్రక్కన ఒకరు కూర్చుండి, రోగి మాటను శ్రద్ధగా విని, ఆమెకు తగినట్లు బదులు పలికినచో ఆందోళన పెరుగక నిలిచినది. మామూలుగా వదిలివేసినవారిలో అది పెరిగినది. ఊహలలో విశ్రాంతి పొందు పద్ధతి నేర్పినవారిలో తగ్గినది.

ఆ రోజులను గడపుట

ఈ చరిత్ర నుండి, ఈ ప్రయోగముల నుండి మనకు పనికివచ్చు నాలుగుమాటలు కలవు.

మొదటిది, నిరీక్షణకు హద్దు గీయించుకొనవలెను. ఏ పరీక్ష చేయుచున్నారు, ఫలితము ఏనాడు వచ్చును, ఎవరు చెప్పుదురు, ఆనాటికి రానిచో ఎవరిని అడుగవలెను అను ప్రశ్నలు అడిగి కాగితముపై వ్రాసికొనవలెను. హద్దు తెలిసిన నిరీక్షణ సగము తేలిక.

రెండవది, ఒక్కరికైనను చెప్పవలెను. ఊరందరికి చెప్పనక్కరలేదు, పదిమంది పది కథలు చెప్పుదురు. మాట దాచగల ఒక అక్కో, వదినో, భర్తో తోడుండి ఆసుపత్రికి వచ్చినచో చాలును. భయములో ఉన్నవారికి వైద్యుడు చెప్పినది సగమే చెవికెక్కును. మిగిలిన సగము తోడువచ్చినవారు వినవలెను.

మూడవది, చేతికి పని కల్పించవలెను. మనస్సు పూర్తిగా లగ్నమగు పనిలో ఉన్నవారికి నిరీక్షణకాలము సులభముగా గడచునని కాలిఫోర్నియాలో ఇటీవలి పరిశీలనలు తెలుపుచున్నవి. ముగ్గు, కుట్టుపని, పాట, తోట, ఏదైనను మంచిదే. మరీ సులభమై ఉండరాదు, మరీ కష్టమై ఉండరాదు. దిగులును అణచుట సాధ్యముకాదు. దానికి రోజులో ఒక అరగంట కేటాయించి, తక్కిన వేళలలో "నీ వేళ ఇంకా కాలేదు" అని ప్రక్కన పెట్టుట సాధ్యము. రాత్రి ఊపిరి మెల్లగా విడుచుచు లెక్కించుట గుండె వేగమును తగ్గించును. నిద్ర, ఆహారము రెండును పూర్తిగా తప్పినచో అదికూడ వైద్యునికి చెప్పదగిన జబ్బే.

నాల్గవది, గడ్డను మాటిమాటికి నొక్కి చూడరాదు, పసర్లు, పట్లు వేయరాదు, వాతలు పెట్టింపరాదు. అవి చర్మమును చెరచి పరీక్షను కష్టము చేయును.

ఇంటివారికి ఒక్క మాట. "ఏమీ కాదులే" అని కొట్టివేయుట ధైర్యము చెప్పుట కాదు. ఆమె భయమును విని, "ఏదైనను కలిసి చూతము" అని పరీక్షకు వెంటబెట్టుకొని పోవుట ధైర్యము చెప్పుట.

2022 అంచనాల ప్రకారము మనదేశములో ఆ యేడు సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము కాన్సరు కనిపించినది. ముంబైలో లక్షన్నర మంది స్త్రీలతో ఇరువది ఏండ్లు నడచిన ఒక పరిశోధన ఫలితములు 2021లో వెలువడినవి. శిక్షణ పొందిన సామాన్య ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకసారి చేతితో పరీక్షించినంతనే వ్యాధి తొలిదశలో బయటపడుట పెరిగినది. ఏబది ఏండ్లు దాటిన స్త్రీలలో రొమ్ము కాన్సరు మరణములు దాదాపు నూటికి ముప్పదివంతులు తగ్గినవి. ఖరీదైన యంత్రము లేకున్నను, తెలిసిన చేయి, సకాలములో వేసిన అడుగు ఇంత చేయగలవు.

ఫానీ బర్నీకి ఏడాది ఎదురుచూచినను జవాబు దొరకలేదు. మత్తులో పడుకొన్న స్త్రీకి జవాబు దొరికినను ప్రశ్న అడుగు అవకాశము దొరకలేదు. మద్రాసు రైలెక్కలేని డెల్టా స్త్రీకి రెండును దొరకలేదు. ఈనాటి స్త్రీకి జవాబు కలదు, అడుగు హక్కు కలదు, దగ్గరలో ఆసుపత్రి కలదు. నడుమ మిగిలినవి కొద్దిరోజులు. అవి భారమైనవే, కాని అవి దాటదగిన రోజులు. కోతలు ప్రతి యేడూ వచ్చును, పండుగలు మరల వచ్చును. గడ్డ చేతికి తగిలిన వారమే ఆసుపత్రికి బయలుదేరుట మంచిది.